టెర్మినల్‌లో తెలుగు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది మొదట్లో మనకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటి సారాంశం ఒకటే: "టెర్మినల్‌లో తెలుగు సరిగ్గా రావడం లేదు, మంచి ఫాంటు ఉంటే చెప్పండి." (టెర్మినల్ అంటే ఆదేశాలను టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే తెర.) మనమూ ఇన్నాళ్లూ ఫాంట్ల పేర్లే చెబుతూ వచ్చాం. ఈసారి ఆ అలవాటు మానుకుని, తెర మీద సరిగ్గా ఏం కనబడుతోందో ముందు అడగడం మొదలుపెట్టాం. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన పనుల్లో విలువైనది ఇదే.

ఖాళీ డబ్బాలు కనబడితే ఫాంటు లేనట్టే. నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ వేసుకుంటే సరిపోతుంది. పిచ్చి గుర్తులు వస్తే మాత్రం గొడవ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో ఉంది. అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులోని తెలుగు గుర్తు ఏదైనా యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో 3 బైట్లు, మొదటిది ఎప్పుడూ ఈ0 (హెక్స్ అంకెల్లో). దాన్ని లాటిన్-1 అనే పాత ఎన్‌కోడింగ్‌గా చదివితే నెత్తిన గీటున్న చిన్న 'ఏ' అవుతుంది. అది మాటిమాటికీ కనబడితే లొకేల్ (భాషనూ ఎన్‌కోడింగ్‌నూ నిర్ణయించే అమరిక) చూసుకోండి. ఒక సభ్యురాలికి సర్వర్‌లో ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే ఆదేశం) కొట్టినప్పుడల్లా ఫైళ్ల పేర్ల బదులు 340, 260 అంటూ అంకెల బారు వచ్చేది. అవి ఆ బైట్లే, ఎనిమిది ఆధారంగా రాసినవి. అక్కడి లొకేల్ 'సి' అని ఉంది, దానికి తెలుగు గుర్తులు తెలియవు. యూటీఎఫ్-8కి మార్చగానే పేర్లన్నీ తెలుగులో వచ్చాయి.

మన సమయమంతా తిన్నది గడుల లెక్క. 1978 నాటి వీటీ100 అనే టెర్మినల్ యంత్రం లాగే ఈనాటి టెర్మినల్ తెర కూడా గళ్ల కాగితమే. ఏ గుర్తుకు ఎన్ని గడులో ప్రోగ్రామూ టెర్మినలూ ఎవరికి వారు లెక్కేసుకుంటాయి. ఇందుకు వాడే డబ్ల్యూసీవిడ్త్ ఫంక్షన్ కోడ్‌పాయింట్లను (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలను) ఒక్కొక్కటిగా చూస్తుంది, అక్షరం మొత్తాన్ని చూడదు. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: 6 కోడ్‌పాయింట్లు, 18 బైట్లు. పొల్లుకూ గుడిదీర్ఘానికీ గడి లేదు కనుక లెక్క 3 గడులకు తేలుతుంది. ఇంతకన్నా తిప్పలు పెట్టింది కొమ్ము. యూనికోడ్ పట్టికలో గుడి చోటు తీసుకోని గుర్తు, కొమ్ము చోటు తీసుకునే గుర్తు. అందువల్ల 'కి' ఒక గడి, 'కు' చాలాచోట్ల రెండు. కొన్ని లైబ్రరీలు కొమ్మునూ సున్నాగానే లెక్కిస్తాయి. రెండు వైపులా లెక్క కలవకపోతే కర్సర్ అక్షరానికి ఎడంగా నిలబడుతుంది, బ్యాక్‌స్పేస్ కొడితే పక్క అక్షరం చెరిగినట్టుంటుంది. ఫాంటు ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు.

అందుకే ఒక పరీక్ష ఫైలు తయారుచేశాం. ప్రతి వరుసలో ఒక గుణింతమో వత్తో ఉంటుంది, తర్వాత డబ్ల్యూసీవిడ్త్ లెక్క ప్రకారం ఖాళీలు, చివర ఒక నిలువు గీత. లెక్క కుదిరిన చోట గీతలన్నీ తిన్నగా నిలుస్తాయి, తప్పిన వరుస ఇట్టే పట్టుబడుతుంది. మొదట మనం ఒక టెర్మినల్ తయారీదారులకు తెరచిత్రం ఒక్కటే పంపితే ఫాంటు సమస్య అని మూసేశారు. ఈ ఫైలునూ కోడ్‌పాయింట్ల వివరాన్నీ జతచేసి పంపాక మళ్లీ తెరిచారు. ఇకపై తెరచిత్రంతో మాత్రమే ఫిర్యాదు పంపవద్దని మనవి.

వత్తులు కలవాలంటే అక్షరం మొత్తం ఒకేసారి హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్‌కు (గుర్తులను కలిపి అక్షర రూపం కట్టే ప్రోగ్రాముకు) చేరాలి. గడికొక ముక్క చొప్పున అందిస్తే స్, త్, రీ విడిపోతాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమం తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే గుత్తిగా చూస్తుంది, మనం ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే. టెర్మినళ్లు దాన్ని అందుకోవడానికి ఇంకా సమయం పడుతుంది. గ్రాఫికల్ తెర లేని లినక్స్ కన్సోల్‌లో ఫాంటుకు 512 ఆకారాలే పరిమితి, షేపింగ్ లేదు. అక్కడ తెలుగు ఆశించవద్దని అడిగినవారికి చెప్పేశాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపుతారు. వచ్చే ఏడాది పరీక్ష ఫైలులో సున్నా వెడల్పు నాన్‌జాయినర్ (పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) ఉన్న మాటలు చేర్చాలి. 'సాఫ్ట్‌వేర్' అనే మాటను అది ఉన్నట్టూ లేనట్టూ రాసి చూడండి. మీ టెర్మినల్‌లో రెండూ ఒకేలా కనబడితే దాని పేరు, వెర్షన్, లొకేల్ రాసి కార్యదర్శికి పంపండి.