బెత్తం పక్కన పెట్టాక ఏం చెయ్యాలి?

సంపాదకుడు గారికి,

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు హైస్కూళ్లలో తల్లిదండ్రుల మీటింగు పెడితే ఇప్పటికీ ఎవరో ఒకరు అనే మాట: "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ." విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ దేహదండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం చాలాచోట్ల బీరువా ఎక్కింది గానీ గోడకుర్చీ, గుంజీలు, గుమ్మం బయట నిలబెట్టడం, "నీ బతుకింతే" లాంటి తిట్లు దాని చోటులో కూర్చున్నాయి. ఆ చట్టం 14 ఏళ్ల వరకే కదా అని తొమ్మిది, పది తరగతుల దగ్గర వాదించేవారూ ఉన్నారు. నిజానికి బెత్తం బొత్తిగా పనిచెయ్యనిది ఆ వయసు దగ్గరే. పదిహేనేళ్ల వాడికి మాస్టారి కోపం కన్నా వెనక బెంచీ వాళ్ల చూపు ముఖ్యం. నలుగురిలో పరువు తీస్తే వాడు తగ్గడు, తగ్గలేడు కూడా.

అల్లరి ఎక్కువగా పుట్టేది పీరియడ్ మొదటి అయిదు నిమిషాల్లో. టీచరు హాజరు పిలుస్తుంటే మిగతావాళ్లకు పని ఉండదు. పిల్లలు కూర్చునేసరికే బోర్డు మీద రెండు లెక్కలో, నిన్నటి పాఠం నుంచి మూడు ప్రశ్నలో రాసి ఉంటే, వాళ్లు అవి చేస్తుండగా నోరెత్తకుండా హాజరు వేసుకోవచ్చు. గోల మీద గొంతు పెంచి పాఠం మొదలుపెడితే గోలా దానితో పాటే పెరుగుతుంది. మాట ఆపి, నిలబడి, పది క్షణాలు ఆగితే చాలావరకు సద్దుమణుగుతుంది.

ఒక్కడే మాట్లాడుతుంటే పాఠం ఆపకుండా వాడి బెంచీ దాకా నడిచి అక్కడే నిలబడి చెప్పాలి. ఆగకపోతే పేరు మెల్లగా పిలిచి పుస్తకం వైపు వేలు చూపాలి. "ఎందుకు మాట్లాడుతున్నావు?" అని అందరి ముందూ అడిగారా, వాడికి వేదిక ఇచ్చినట్టే, జవాబు క్లాసును నవ్వించడానికే వస్తుంది. అప్పటికీ వినకపోతే "బెల్లు కొట్టాక రెండు నిమిషాలు ఆగు" అని చెప్పి వదిలెయ్యాలి. ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగిందో వాణ్ని చెప్పనిచ్చి, రేపు ఏం చేస్తాడో వాడి చేతే అనిపించాలి. ఆగమన్నాక మర్చిపోయి వెళ్లిపోతే మాత్రం మర్నాటి నుంచి ఆ మాటకు విలువుండదు. అరవై మందిని ఒకే గదిలో కుక్కినచోట బెంచీల మధ్య నడవడానికే దారి ఉండదు, నిజమే. గోడ పక్కనయినా ఒక మనిషి పట్టే సందు వదలాలి. చోట్లు పదిహేను రోజులకోసారి క్లాసంతటికీ మారిస్తే, జంట కబుర్లవాళ్లను విడదీసినా శిక్షలా ఉండదు.

క్లాస్ లీడర్ చేత మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించే అలవాటు మానాలి. స్నేహితుల పేర్లు చెరిగిపోతాయి, గిట్టనివాళ్ల పేర్ల పక్కన ఇంటూ గుర్తులు పెరుగుతాయి. ఆ తగువు సాయంత్రం వీధిలో తేలుతుంది. వందసార్లు ఇంపోజిషనూ అంతే. రెండు పెన్నులు కలిపి పట్టుకుని ఒక్కసారికి రెండు వరుసలు రాసే విద్య తప్ప పిల్లలకు దానివల్ల అబ్బేదేమీ లేదు. హోంవర్క్ ఎగ్గొట్టినవాడి చేత ఆ హోంవర్కే మధ్యాహ్న భోజనం అయ్యాక పూర్తి చేయిస్తే చాలు.

మా సరిహద్దు బడులకు ఇంకో చిక్కుంది. 'బహి ఖోల' (పుస్తకం తెరువు) లాంటి చిన్న ఒడియా మాటలు అందరికీ తెలుసు. కానీ "మూడో అభ్యాసంలో రెండూ నాలుగూ వదిలి మిగతావి చెయ్యండి" అని ఒడియాలో గబగబా చెబితే తెలుగు పిల్లలు, సవర గిరిజనుల పిల్లలు పక్కవాణ్ని అడుగుతారు. కటక్ వైపు నుంచి కొత్తగా వచ్చిన టీచరుకు అది అల్లరిలా కనిపిస్తుంది. తెలుగులో నవ్వితే తననే అంటున్నారనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. లెక్కల నంబర్లు బోర్డు మీద రాసి, ఒకసారికి ఒక పనే చెబితే సగం గుసగుస పోతుంది. "ఏమన్నావో ఒడియాలో చెప్పు" అని నిలదీస్తే మాత్రం మాటకు మాట పెరుగుతుంది.

ఇంటికి కబురు పంపడం తప్పు చేసినప్పుడే కాకూడదు. జూన్‌లో బడి తెరిచిన నెలలోపే ప్రతి ఇంటికీ ఒక మంచి మాట చేరితే, తర్వాత ఫిర్యాదు చేసినా తండ్రి బెల్టు తియ్యడు. ఆ ఫోను ఇంటివాళ్ల భాషలో వెళ్లాలి. బదిలీ మీద వచ్చిన టీచర్లకు తెలుగో సవరో తెలిసిన తోటి టీచర్ని తోడు పెట్టమని జిల్లా విద్యాధికారులకు మనవి. దీనికి కొత్త పోస్టు అక్కర్లేదు, టైంటేబుల్లో వారానికి ఒక్క పీరియడ్ ఇస్తే చాలు.

— ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా (ఒడిశా)