పారలల్ అని చెప్పి మీకిచ్చిన సీరియల్ సెట్ల సంగతి

మాఘమాసం పెళ్లిళ్లకు మా దగ్గర కొత్త లైట్లు అద్దెకు తీసుకున్న వాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. ‘ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతాయండీ, ఇవి పారలల్ సెట్లు’ అని నేనే చెప్పి ఇచ్చాను. అది అబద్ధం. తెలిసి ఆడింది కాదు గానీ, అబద్ధమే.

రాజోలు దగ్గర ఒక పెళ్లిలో బయటపడింది. నాలుగేళ్ల పిల్లాడొకడు అరటి బోదెకు చుట్టిన దండలోంచి ఒక బల్బు పీకి జేబులో వేసుకున్నాడు. వెంటనే ద్వారం ఎడమ వైపు 50 బల్బులు ఆరిపోయాయి. పెళ్లికూతురి మేనమామగారు నన్ను పిలిచి, ‘పారలల్ అన్నావు కదయ్యా’ అన్నారు. అదీ భోజనాల దగ్గర, అందరూ వింటుండగా.

మా కొట్టుకి వచ్చేవాళ్లకు తెలుసు, కౌంటర్ మీద 40 వాట్లది, 100 వాట్లది రెండు పాత బల్బులు బోర్డుకి బిగించి ఉంటాయి. సిరీస్‌లో, అంటే ఒకే కరెంటు ఒకదాని గుండా పోయి రెండోదానికి చేరేలా, వెలిగిస్తే 40దే ఎక్కువ వెలుగుతుంది. పారలల్‌లో, అంటే రెండిటికీ విడివిడిగా కరెంటు అందేలా పెడితే, 100ది. నమ్మని వాళ్లతో టీ పందెం కాసి గెలిచేవాణ్ణి. అలాంటి నేను సీరియల్ సెట్టు దగ్గర బోల్తా పడ్డాను.

ఎలాగంటే, దండలో రెండు తీగలు పక్కపక్కనే పోతున్నాయి. రెండు తీగలున్నాయి కాబట్టి పారలలే అనుకున్నాను. పెళ్లి అయిన మర్నాడు బ్లేడుతో తొడుగు చీల్చి చూస్తే, ఒక తీగ ఏ బల్బునూ తాకకుండా దండ చివరిదాకా పోయి, అక్కడ రెండో తీగతో కలిసింది. అది కరెంటు తిరిగి వెళ్లే దారి, అంతే. రెండోది ప్రతి బల్బు దగ్గరా తెగి, ఆ రెండు కొసలూ బల్బు రెండు కాళ్లకు అతుక్కున్నాయి. అది సిరీస్. పారలల్ అయితే రెండు తీగలూ ప్రతి బల్బునూ తాకాలి. కంటికి వరుసగా కనిపించాయా, పక్కపక్కన కనిపించాయా అన్నది లెక్క కాదండీ. రెండు బల్బుల కాళ్లూ అవే రెండు చోట్ల కలిస్తే పారలల్. ఒకదాని కాలు రెండోదాని కాలితోనే కలిసి, అక్కడ ఇంకో దారి చీలకపోతే సిరీస్.

అసలు విప్పకుండానే తెలియాల్సింది. ఈ దండల్లో ఉన్న చిన్న బల్బులు తెల్ల ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు చాలు. 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టే సెట్టులో అవి ఒకదాని వెనక ఒకటి కూర్చుంటేనే గానీ తట్టుకోలేవు. 50 కలిపితే 150 వోల్టులు, మిగతాది కరెంటును అడ్డగించే రెసిస్టర్ మింగుతుంది.

సరుకిచ్చిన ఆయనకు ఫోన్ చేశాను. పన్నెండేళ్ల బేరం మాది. ‘పారలలేనా’ అని ఆర్డరు ముందు రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ‘ఆయ్, పారలలేనండీ’ అన్న మనిషి, ఇప్పుడు ‘సెట్టుకి సెట్టు పారలలే కదా, అదే చెప్పాను’ అంటున్నాడు. పెట్టెలు విప్పారు, వెనక్కి తీసుకోను అన్నాడు. ఆరిపోతే ఆ మాత్రం అతుక్కోలేరా అని నాకే ఎదురు ప్రశ్న. ఆ మాట మాత్రం మర్చిపోను.

160 సెట్లు. ఏం చెయ్యాలో తేలక పది రోజులు నిద్ర లేదు. మా ఆవిడ, పిల్లలకు అందనంత ఎత్తున కట్టమంది. మా బావ, సగం ధరకు ఎవరికైనా అమ్మెయ్యమన్నాడు. ఇద్దరిదీ కాదనలేని మాటే. కానీ సిరీస్ దండలో తీగ తెగిన చోట, దీపాలు ఆరిపోయినా, రెండు కొసల మధ్య మొత్తం సప్లై వోల్టేజీ నిలబడి ఉంటుంది. ఆ రోజు పిల్లాడి వేలు ఆ కొసలకు తగల్లేదు, అంతే. ఇక ఎత్తున కట్టడమంటారా, మన కొబ్బరి చెట్లకి చుట్టిన దండను ఉడత కొరుకుతుంది, మట్ట పడి తెంపుతుంది. కింద ఉన్నవాళ్లు ‘లైట్లు ఆరాయి, కరెంటు లేదు’ అనుకుని చెయ్యి పెడతారు. సగం ధరకు అమ్మితే ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి, ఇంకో పిల్లాడు. అందుకని అన్నీ అటకెక్కించాను. మొండితనం అంటారా, అనండి.

వాటి బదులు అడాప్టరుతో నడిచే 24 వోల్టుల సెట్లు వచ్చాయి. ఇవీ పూర్తి పారలల్ కావని ముందే చెప్తున్నాను. ఆరేసి బల్బులు సిరీస్, ఆ గుంపులన్నీ పారలల్. ఒకటి పోతే ఆరు ఆరతాయి, మిగతావి వెలుగుతాయి. దండ మరీ పొడుగైతే చివర వెలుగు తగ్గుతుంది, అందుకే చిన్న ముక్కలు, ఎక్కువ అడాప్టర్లు. అద్దె సెట్టుకి పది రూపాయలు పెరుగుతుంది. అడాప్టరు తడవనివ్వకండి, ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడితే తుడిచి ఇవ్వండి.

ఇక నుంచి సెట్టు మీ చేతికిచ్చే ముందు మీ కళ్లెదుటే ప్లగ్గు తీసి, ఒక బల్బు ఊడదీసి, మళ్లీ ప్లగ్గు పెట్టి చూపిస్తాను. ఆరు మాత్రమే ఆరాలి. మీరు ఇంట్లో చేసినా సరే, ప్లగ్గు తీశాకే.

అంతర్వేది కల్యాణానికి పాత సెట్లు కట్టించుకున్న వాళ్లూ, పెళ్లిళ్ల వాళ్లూ చీటీ తెస్తే అద్దెలో సగం వెనక్కి ఇస్తాను. మేనమామగారు మాత్రం ‘వద్దులేవయ్యా’ అన్నారు. ఆయన డబ్బు కవరులో పెట్టి సొరుగులో ఉంచాను, ఎవరినైనా పంపండి బాబూ.