కాంపౌండరు బాబాయి జావా మళ్లీ రోడ్డెక్కింది

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పకుండానే పెట్టేశాను. "బాబాయి పాత మోటారుసైకిలు బాగుచెయ్యడానికి అంత డబ్బు, అంత శ్రమ పెట్టే బదులు కొత్త జావా కొనుక్కోవచ్చు కదరా" అన్నావు. 2018లో ఆ పేరుతో మళ్లీ బళ్లు వచ్చిన మాట నిజమే, మంచి బళ్లే. కాకపోతే అవి ఫోర్ స్ట్రోకు ఇంజనువి, బాబాయిది టూస్ట్రోకు. చెరువుగట్టు మలుపు తిరక్కముందే కాంపౌండరు బాబాయి వస్తున్నాడని మనకి తెలిసిపోయేది చూడు, ఆ చప్పుడు వాటికి ఎక్కణ్ణించి వస్తుంది? నాకు కావలసింది బాబాయి బండేరా. అందుకే తీరిక చేసుకుని అంతా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

బాబాయి పోయాక బండిని గొడ్లచావిట్లో గోనెసంచులు కప్పి పెట్టేశారు. పాతసామాన్లవాళ్లు కేజీల లెక్కన బేరం ఆడుతుంటే పిన్ని ఒప్పుకోలేదు. నేను అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి "తీసుకెళ్లు నాయనా" అంది. రెండే షరతులు పెట్టింది. రంగు మార్చకూడదు. ఇంజక్షన్ల డబ్బా కోసం బాబాయి వెనక వేయించుకున్న ఇనప క్యారేజీ తీసెయ్యకూడదు.

ముందు కాగితాలు చూసుకున్నా. ఫ్రేము నంబరు, ఇంజను నంబరు రెండూ ఆర్సీ పుస్తకంతో కలిశాయి. 1967 మోడలు. పాత బండి కొనాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. నంబరు కలవని బండి మీద ఎంత పని చేసినా రోడ్డు మీదకి తేలేవు. ఆర్సీ ముందు పిన్ని పేరు మీదకీ, తర్వాత నా పేరు మీదకీ మార్పించుకున్నాకే స్పానరు పట్టుకున్నాను.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. కార్బురేటరు మూతిలో కందిరీగల మట్టిగూడు, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు చేరిన ఆనవాళ్లు, ట్యాంకు నిండా తుప్పు. గొలుసు మాత్రం చెక్కుచెదరలేదు. జావాకి వెనక గొలుసు మొత్తం మూసిన కేసులో ఉంటుంది కదా, దుమ్మే పడదు. అలాంటి ఆలోచన చేసినవాళ్లని తలుచుకుని చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అసలు చిక్కు సామాన్ల దగ్గరొచ్చింది. ఈ బళ్లు చేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. చెకొస్లొవేకియా కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని యాదవగిరిలో 1961 నుంచి తయారు చేశారు. 1970ల్లో జావా పేరు పోయి యెజ్డీ అయింది, మీ మావయ్య నడిపిన రోడ్‌కింగ్ ఆ తర్వాతిదే. మూతపడ్డ కంపెనీ బండికి అసలు సామాను ఎవరిస్తారు? ఇప్పుడు బజార్లో దొరికేవి చాలావరకు నకళ్లు. కొన్ని బాగానే ఉంటాయి, కొన్ని పెట్టిన నెలకే అరిగిపోతాయి. ఏది మంచిదో, ఏది చెత్తో చెప్పగలిగేది ఆ బండి నడుపుతున్నవాళ్లే. ఆ మనుషుల గురించి నీకు చెప్పాలనే ఇంత పెద్ద ఉత్తరం.

గుంటూరులో ఒక లెక్చరరు గారున్నారు. క్లచ్చి విప్పే పుల్లరు, డైనమో ఊడదీసే బోల్టు, సీలు పట్టించే గొట్టం, ఇలా జావాకి ప్రత్యేకంగా కావలసిన పనిముట్లన్నీ లేత్ మీద చేయించి ఒక చెక్కపెట్టెలో పెట్టారు. ఆ పెట్టె ఎవరికి కావాలంటే వాళ్లకి ఆర్టీసీ కార్గోలో వెళ్తుంది. నా దగ్గరికి రాజమండ్రి నుంచి వచ్చింది, నా పని అయ్యాక ఖమ్మం పంపించాను. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. మూత లోపల అంటించిన కాగితం మీద తీసుకున్నవాళ్ల పేరు, ఊరు, బండి మోడలు రాయాలి, అంతే. బాబాయి పేరు కూడా పక్కన రాశాను.

పిస్టన్ సంగతి విను. హెడ్డు విప్పితే అది సిలిండరు మధ్యలో ఆగిపోయి ఉంది, చుట్టూ ఎర్రటి తుప్పు. మా వీధి చివరి మెకానిక్కు సుత్తి తీయబోయాడు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయన వీడియో కాల్లో చూస్తున్నారు, "అయ్యా, ముట్టుకోకండి" అని గట్టిగా అరిచినంత పని చేశారు. సిలిండరు పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. కొడితే పగిలేది మెత్తనిదే. ఆయన చెప్పినట్టు డీజిలూ ఇంజనాయిలూ కలిపి పైన పోసి వదిలేశాను. ఇంకితే మళ్లీ పోయడం, మళ్లీ వదిలేయడం. కొన్నాళ్లకి సిలిండరుని బయటనుంచి వేడి చేసి, పిస్టన్ మీద చెక్కముక్క ఆనించి నెమ్మదిగా తడుతుంటే వెంట్రుకవాసి కదిలింది. బావా, ఆ కదలిక నా అరచేతికి తెలిసింది! బయటికొచ్చాక చూస్తే రింగులు గాళ్లలో అతుక్కుపోయి ఉన్నాయి, వాటిని ఆపే చిన్న పిన్నులు మాత్రం చెక్కుచెదరలేదు. టూస్ట్రోకు ఇంజనుకి ఆ పిన్నులు ప్రాణం. రింగు తిరిగిందంటే దాని కొస వెళ్లి పోర్టులో, అంటే సిలిండరు గోడకున్న కంతలో, చిక్కుకుని విరుగుతుంది.

సిలిండరు అసలు కొలత 65 మిల్లీమీటర్లు. అరిగింది కాబట్టి లోపలి గోడ కాస్త పెద్దదిగా చెక్కించే బోరింగు తప్పలేదు. ముందు ఓవర్‌సైజు పిస్టన్ చేతికొచ్చాకే, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయించాలి. తొందరపడి ముందే బోరు చేయించుకుని, తర్వాత పిస్టన్ దొరక్క తిప్పలు పడేవాళ్లు చాలామంది ఉన్నారట.

పిస్టన్ కదలికని తిప్పుడుగా మార్చే క్రాంకు పనికి మన బెజవాడ ఆటోనగర్‌ని మించిన చోటు లేదు, ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. ఒక పాత లేత్ షాపులో ముసలి మేస్త్రీ కనెక్టింగ్ రాడ్డూ పిన్నూ బేరింగూ ప్రెస్సు మీద మార్చి, క్రాంకుని రెండు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజి ఆనించాడు. ఆ గేజిలో ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. ముల్లు ఊగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టడం, రాగి సుత్తితో ఒకే ఒక్క దెబ్బ, మళ్లీ తిప్పి చూడటం. మాటల్లేవు. రేడియో కూడా కట్టించేశాడు. ముల్లు దాదాపు కదలడం మానేశాక కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ బాబాయి ఎవరోగానీ బండిని బాగా చూసుకున్నాడయ్యా, చెంపలు అరగలేదు" అన్నాడు. పిన్నికి ఫోన్ చేసి ఆ మాట అలాగే చెప్పాను.

క్రాంకు రెండు కొసల దగ్గర సందు మూసే సీళ్ల దగ్గర మైసూరు పెద్దాయన ఒకరు ఆదుకున్నారు. ఐడియల్ జావా ఫ్యాక్టరీలోనే అసెంబ్లీలో పనిచేసి రిటైరైన మనిషి. కన్నడం తప్ప ఆయనకి ఇంకేదీ సరిగ్గా రాదు, నాకు కన్నడం రాదు. మధ్యలో బెంగుళూరులో ఉండే మన తెలుగు కుర్రాడు తర్జుమా చేశాడు. టూస్ట్రోకులో పెట్రోలు ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కణ్ణించి పైకి వెళ్తుంది కదా. అందుకే ఆ గదికి ఎక్కడా సందు ఉండకూడదు. క్లచ్చి వైపు సీలు పోతే ఇంజను ఆ వైపున్న ఆయిలు పీల్చుకుని తెల్లటి పొగ కక్కుతుంది. డైనమో వైపు సీలు పోతే గాలి పీలుస్తుంది, మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పొగ కనబడుతుంది కాబట్టి అందరూ మొదటిదానికి భయపడతారు, ప్రమాదం రెండోదానితోనే అన్నారాయన. నా కళ్లముందే, ఫోనులోనే, రెండు సీళ్లూ పెట్టించారు.

ట్యాంకు తుప్పుకి కరెంటు పద్ధతి వాడాను. నీళ్లలో చాకలిసోడా కలిపి నింపి, మధ్యలో ట్యాంకుకి తగలకుండా ఇనప కడ్డీ వేలాడదీసి, బ్యాటరీ చార్జరు నెగెటివ్ ట్యాంకుకీ పాజిటివ్ కడ్డీకీ ఇవ్వాలి. తుప్పంతా బురదగా వదిలి వచ్చేస్తుంది, మంచి ఇనుము ఒక పొర కూడా పోదు. ఇది ఆరుబయటే చెయ్యాలి, హైడ్రోజను వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అసలు వాడకూడదు, విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది. మీ మావయ్య బండికి చేస్తానంటే ఈ రెండూ గుర్తు పెట్టుకో.

రంగు అదే మెరూన్. ట్యాంకు మీద సన్నటి గీతకి స్టిక్కరు అంటించమని చాలామంది చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఆటోనగర్‌లో లారీల మీద పేర్లూ పువ్వులూ రాసే ఒక పెయింటరుని బతిమాలాను. పొడుగు వెంట్రుకల కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, స్కేలు కూడా లేకుండా ట్యాంకు వంపు వెంబడి ఒక్క లాగు లాగాడు. దగ్గరికెళ్లి చూస్తే గీత ఒకచోట రవ్వంత లావు, ఒకచోట సన్నం. మనిషి చెయ్యి తెలుస్తుంది. స్టిక్కరులో అది ఎక్కడుంది?

క్యారేజీ మీద మాత్రం మా జావా వాళ్లలో పెద్ద వాదనే జరిగింది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి, తర్వాత తగిలించినవన్నీ తీసెయ్యాలి అనేవాళ్లున్నారు. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవముంది, వాళ్ల వల్లే అసలు నట్టులు ఎలాంటివో, ఏ రబ్బరు ఎక్కడ ఉండేదో ఇవాళ తెలుస్తోంది. కానీ ఆ క్యారేజీ మీద డబ్బా కట్టుకుని బాబాయి అర్ధరాత్రి వానలో లంక గ్రామాలకి వెళ్లాడు. ఎన్ని పురుళ్లకి, ఎన్ని పాముకాట్లకి వెళ్లాడో మనకి తెలుసు. అది ఆ బండి చరిత్రలో భాగం. తుప్పు గీకించి, నల్లరంగు వేసి, ఉన్నచోటే బిగించాను. గట్టిగా వాదించిన ఆయనే దానికి సరిపడే పాతకాలపు బోల్టులు పంపించారు!

వింటేజి రిజిస్ట్రేషను ఎందుకు చేయించలేదని అడుగుతావు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బళ్లకి నంబరులో 'వీఏ' అక్షరాలు వచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషను ఇస్తారు, కొత్తగా అయితే 20,000 రూపాయల ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ వాడకూడదు. నాకది నచ్చలేదు. పాత ఆర్సీనే రెన్యువల్ చేయించి, గ్రీన్ ట్యాక్సు కట్టి, కూరలకి కూడా దాని మీదే వెళ్తున్నా.

స్టార్టు చేసిన రోజు ఆదివారం. ఎవరెవరో పని మానుకుని వచ్చారు. గుంటూరు లెక్చరరు గారు నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు పెట్టి, ప్లగ్గు తీసి నిప్పురవ్వ చూశారు. లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్కన టూస్ట్రోకు ఆయిలు కలిపాం. గేరు పెడల్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు పెడల్ అవుతుంది, గుర్తుందా? చిన్నప్పుడు మనం దొంగతనంగా తిప్పి తన్నులు తిన్నది దాన్నే. మొదట దగ్గింది, ఆగింది. కార్బురేటరు మీద టిక్లర్ అనే చిన్న బొత్తాన్ని పెట్రోలు చెమ్మగిల్లేదాకా నొక్కాక అందుకుంది. రెండు సైలెన్సర్లలోంచీ నీలం పొగ, ఆ చప్పుడూ. పిన్నికి ఫోను కలిపి బండి దగ్గర పెట్టాను. అవతల ఏమీ మాట్లాడలేదు, పెట్టెయ్యనూ లేదు.

నడిపితే ఇంకో సంగతి అర్థమైంది. బాబాయి ఎడమచేత్తో భుజం మీద సంచీ సర్దుకుంటూనే గేర్లు మార్చేవాడు, అదెలాగో మనకి అంతుపట్టేది కాదు. ఈ బండిలో గేరు పెడల్ నొక్కగానే లోపలి ఏర్పాటు క్లచ్చిని దానంతటదే తప్పిస్తుందిరా. చేత్తో క్లచ్చి పట్టాల్సింది బయల్దేరేటప్పుడే.

ఇప్పుడున్న బెంగ పెట్రోలు. ఇథనాలు 20 శాతం కలుస్తోంది కదా, అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది. పైపు మార్చేశాను, నాలుగు రోజులు తీయననుకుంటే ట్యాంకు ఖాళీ చేసి పెడుతున్నా. పెట్రోలు ట్యాప్ లోపలి వాషరు మాత్రం పాతదే, అది ఎక్కువ రోజులు ఆగదు.

అందుకే నీకో పని. బెంగుళూరు జేసీ రోడ్డులో పాత సామాన్ల షాపుల్లో జావా ట్యాప్ వాషరు, మోకాళ్ల దగ్గర ట్యాంకుకి వేసే రబ్బరు ప్యాడ్ల జత అడుగు. ప్యాడ్లు గట్టిగా, మెరుస్తూ ఉంటే వద్దు, గోరుతో నొక్కితే లోపలికి దిగాలి. అక్కడ లేకపోతే మైసూరు పెద్దాయన దగ్గరికి నేను చెప్పి పంపిస్తా, చెల్లాయినీ పిల్లల్నీ తీసుకుని ఆదివారం వెళ్లిరా. ఆయనకి మన పూతరేకులు ఇష్టం, నేను కొరియర్ చేస్తా, నీ చేత్తో ఇవ్వు.

జూలై రెండో ఆదివారం జావా దినం. ఆ ముందు రోజుకల్లా ఊరికి వచ్చెయ్యి, సెలవు ఇప్పుడే పెట్టుకో. మీ మావయ్య రోడ్‌కింగ్ గురించి అత్తయ్యతో ఒకసారి మాట్లాడు. అమ్మొద్దని చెప్పు, ముందు ఇంజను నంబరు ఫొటో తీసి నాకు పంపు. పనిముట్ల పెట్టె ఖమ్మం నుంచి తిరిగొచ్చేలోగా మనం వరసలో పేరు రాయించుకోవాలి.

నీ
బావ