ములుగు పెద్దమ్మకు దండాలు

నిన్న సాయంత్రం పాపను ఇంటికి తెచ్చుకున్నాం. 39 రోజులకు. 30 వారాలకే పుట్టింది, 1,150 గ్రాములు. ఇప్పుడు 1,760. పక్కనే పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు.

మా ఆయన, అమ్మ, అత్తమ్మ ఎంత తిరిగారో నాకు తెలుసు. ఇది మాత్రం ఆ పెద్దమ్మ కోసం.

వరంగల్‌లో మేమున్న ఆసుపత్రిలో తల్లులు కింద, పిల్లలు మూడో అంతస్తులో. రాత్రి లిఫ్ట్ ఆపేస్తారు, మగవాళ్లను వార్డులోకి రానివ్వరు. నాకేమో సిజేరియన్ కుట్లు. కడుపులో ఉన్న రోజులతో కలిపి 34 వారాలు వచ్చేదాకా ఇలాంటి పిల్లలకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కలిపి చేయడం సరిగా రాదు. ట్యూబుతో రెండు గంటలకోసారి పాలు పట్టాలి. మూడో రాత్రి ఎంత పిండినా ఉగ్గుగిన్నె అడుగు తడిసిందంతే. పారబోయబోతుంటే పక్క బెడ్ అమ్మాయి వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"చుక్కయినా పాలే గద బిడ్డా. నాకియ్యి, నేనిచ్చొస్త."

మోకాళ్ల నొప్పులున్న మనిషి. గిన్నె మీద కొంగు కప్పి, గోడ పట్టుకుంటూ మెట్లెక్కింది. ఇచ్చేసి వెంటనే రాలేదు. సిస్టర్ బయటికొచ్చి చెప్పేదాకా తలుపు దగ్గరే నిలబడిందట. వచ్చి, "కడుపుల నిలిచినయట, కక్కలేదట" అంది. అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవని దాన్ని, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేశాను. వాళ్లమ్మాయి డిశ్చార్జ్ అయ్యేదాకా నాలుగు రాత్రులు అట్లానే ఎక్కి దిగింది. పేరైనా అడగలేదు నేను. ములుగు దిక్కు అని మాత్రం తెలుసు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 11 రోజులు పాపను అద్దంలోంచే చూపించారు, రోజుకు పది నిమిషాలు. అడిగితే ఇన్‌ఫెక్షన్ అన్నారు. 12వ రోజు కొత్తగా డ్యూటీకొచ్చిన సిస్టర్ నా చేతులు కడిగించి, పాపను రొమ్ము మీద పడుకోబెట్టి మెత్తటి బట్టతో కట్టింది. మాటిమాటికీ మోగే మానిటర్ ఆ గంటసేపు మోగలేదు. పుట్టిన దగ్గర్నుంచే రోజుకు 8 గంటలకు తక్కువ కాకుండా ఇట్లా కంగారూ పద్ధతిలో ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. మరి ఆ 11 రోజులు మాకెందుకు లేకుండా చేశారు? కుట్లతో ఉన్న తల్లికి ఆనుకునే కుర్చీ ఒక్కటి వేయలేరా?

ములుగు దిక్కు వాళ్లెవరికైనా ఆ పెద్దమ్మ తెలిస్తే చెప్పండి, పాప ఇప్పుడు తనే చప్పరించి తాగుతోందని.

అయ్యో, పరకాల నుంచి తీసుకొచ్చిన 108 డ్రైవరన్న! అర్ధరాత్రి వచ్చి రక్తమిచ్చిన ఇద్దరు తమ్ముళ్లు, పాపకు టోపీ అల్లిచ్చిన ఆయమ్మ... ఇంకా ఎవరినో మర్చిపోయాను. పాప లేచింది, మళ్లీ రాస్తాను.