యంగ్ వాడింది సన్నని అట్టముక్క

సంపాదకుడు గారికి, నమస్కారం.

మీ విద్యా పేజీలో కాంతి స్వభావం మీద వచ్చిన వ్యాసం చదివాను. 1801లో థామస్ యంగ్ ఒక తెరకు రెండు చీలికలు చేసి కాంతి తరంగమేనని తేల్చేశారనీ, పండితులంతా వెంటనే ఒప్పుకున్నారనీ అందులో ఉంది. చాలా పాఠాల్లోనూ ఇదే చెబుతారు. ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం బోధించి రిటైరైన నాకు ఇది చూస్తే బాధగా ఉంటుంది. అసలు జరిగింది ఇంతకన్నా తేలిగ్గా అర్థమవుతుంది. పిల్లలు చేసి చూసుకోగలరు కూడా.

యంగ్ లండన్‌లో వైద్యులు. 1801లో అక్కడి శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీలో ఆయన వివరించింది ప్రధానంగా తరంగ సిద్ధాంతం. నేను చెబుతున్న ప్రయోగం 1803 నవంబర్ 24న అక్కడే చదివిన పత్రంలో ఉంది. కిటికీ తలుపుకున్న రంధ్రాన్ని మందపాటి కాగితంతో మూసి, ఆ కాగితాన్ని సన్నని సూదితో పొడిచారు. బయట చిన్న అద్దం పెట్టి, ఎండ ఆ బెజ్జంలోంచి ఎదుటి గోడ మీదికి పడేలా చేశారు. ఆ వెలుగుకు అడ్డంగా అంగుళంలో ముప్ఫయ్యో వంతు, అంటే మిల్లీమీటరు కూడా లేని వెడల్పున్న అట్టముక్కను పెట్టి, దాని నీడను పరిశీలించారు. అంతే, చీలికలు లేవు.

నీడకు రెండు పక్కలా రంగుల చారలు కనిపించాయి. నీడ లోపల కూడా చారలే. పైగా సరిగ్గా నీడ మధ్యలో ఎప్పుడూ తెల్లగానే ఉంది!

ఆ తర్వాత చేసిన పనే ఈ ప్రయోగానికి ప్రాణం, పాఠాల్లో వదిలేసేదీ దాన్నే. అట్టముక్కకు ఒక పక్కనుంచి వెళ్లే కాంతికి మాత్రం ఇంకో చిన్న అట్ట అడ్డుపెట్టారు. రెండో పక్క కాంతిని ముట్టుకోలేదు. అయినా నీడ లోపలి చారలన్నీ మాయమయ్యాయి. ఒక్కో అంచు దగ్గర కాంతి వంగడం వల్లే చారలు వస్తుంటే, తెరిచి ఉన్న పక్కవైనా మిగలాలి కదా? మిగల్లేదు. అంటే అవి రెండు పక్కల కాంతీ కలిస్తేనే పుట్టేవి. కాంతికి కాంతి తోడై కొన్నిచోట్ల చీకటి అవుతోంది. కాంతిని రేణువుల ప్రవాహం అనుకుంటే ఇది ఎలా కుదురుతుంది? ఒక అల శిఖరం మీద ఇంకో అల పల్లం వచ్చి పడితే కుదురుతుంది.

మనం బొమ్మల్లో చూసే రెండు రంధ్రాల వర్ణన 1807లో అచ్చైన ఆయన ఉపన్యాసాల్లోది.

ఇక పండితులు ఒప్పుకున్న మాట. ఎడిన్‌బరో రివ్యూ అనే పత్రికలో హెన్రీ బ్రూమ్ అనే విమర్శకుడు యంగ్‌ను తీవ్రంగా దుయ్యబట్టారు. జవాబుగా యంగ్ వేసిన కరపత్రం ఒక్క ప్రతే అమ్ముడైందట. గాలి మళ్లింది ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అనే ఇంజనీరు కాంతిని తరంగంగా తీసుకుని వేసిన లెక్కలతో. ఆ లెక్కలే నిజమైతే గుండ్రని బిళ్ల నీడ నడుమ వెలుగు చుక్క ఉండాలి, అది అసంభవం అన్నారు గణితవేత్త పాయిసాన్. శాస్త్రవేత్త అరగో ప్రయోగం చేసి చూస్తే చుక్క ఉంది!

‘తేల్చేశారు’ అన్నదీ సరికాదు. 1905లో ఐన్‌స్టీన్ కాంతి శక్తి విడివిడి మోతాదుల్లో ఉంటుందన్నారు. అలాగైతే వెలుగు బాగా తగ్గినప్పుడు చారలు మారతాయేమో చూడటానికి, 1909లో జి.ఐ. టేలర్ అనే శాస్త్రవేత్త అతి మసక వెలుగులో సూది నీడను ఫొటో తీశారు. ఒక ఫొటోకు దాదాపు మూడు నెలలు పట్టింది. చారలు మాత్రం అంతే స్పష్టంగా వచ్చాయి. అక్కడా జంట చీలికలు లేవు, సూది నీడే.

ఎండ ఉన్నప్పుడల్లా, అందరికీ అందుబాటులో ఉండే వస్తువులతోనే ఈ ప్రయోగాలు మళ్లీ చేయవచ్చని యంగ్ తన పత్రంలోనే చెప్పారు. మన పిల్లలు మాత్రం పట్టీ వెడల్పు సూత్రం, అంటే చారల మధ్య దూరం లెక్కగట్టే సూత్రం, బట్టీపట్టి లెక్కలు చేసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఒక పక్క మూస్తే చారలెందుకు పోయాయని పరీక్షలో ఒక్క ప్రశ్న అడిగి చూడండి, ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

దయచేసి సవరణతో పాటు అద్దం, సూది బెజ్జం, అట్టముక్క, గోడ ఉన్న బొమ్మ వేయండి. సూర్యుడి వైపు గానీ, అద్దంలోకి గానీ, బెజ్జంలోకి గానీ నేరుగా చూడకూడదని, గోడ మీద పడిన నీడనే చూడాలని బొమ్మ కిందే పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్