క్యాబిన్‌లో నిద్ర ఎలా పడుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్తగా లారీ ఎక్కే కుర్రాళ్లకి స్టీరింగ్ నేర్పేవాళ్లున్నారు గానీ క్యాబిన్‌లో ఎలా పడుకోవాలో చెప్పేవాళ్లు లేరు సార్. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే, కానీ రోడ్డు మీద తిరిగేవి ఎక్కువ పాత బండ్లే కదా, పైగా ఏసీ కోసం రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెడితే ఆ డీజిల్ డబ్బులు ఓనర్ ఇస్తాడా, పొగ లోపలికొస్తే ప్రాణానికే ప్రమాదం కూడా. మే నెలలో విజయవాడ దాటాక ఆపితే ఇంజన్ వేడి దిగేదాకా బెర్త్ మీద వీపు ఆనదు. తమ్ముళ్లూ, కిటికీలకి దోమతెర కట్టుకోండి, చిన్న ఫ్యాన్ బిగించుకోండి, రాత్రి తిండి కాస్త తగ్గించండి.

బండి ఆపే చోటు మాత్రం మన చేతిలో లేదు. ఎన్‌హెచ్ 16 మీద కొన్ని దాబాల్లో తింటేనే ఆపనిస్తారు, రోడ్డు పక్కన ఆపితే వెనక నుంచి ఎవడు గుద్దుతాడో అని భయం, డీజిల్ దొంగల గోల వేరే. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం మామూలుగా రోజుకి 8 గంటలే పని అనేది, మరి మిగతా టైం ఎక్కడ పడుకోమంటారు? టోల్ కడుతున్నాం కాబట్టి లైట్లు, బాత్రూంలు, వాచ్‌మన్ ఉన్న పార్కింగ్ అడుగుతున్నాం.

– ఓ లారీ డ్రైవర్, గాజువాక