తెర ముందు తల తిరిగితే బాధ్యులెవరు?

అయ్యా,

హీరో కంటితోనే కథంతా చూపించే యాక్షన్ సినిమాలు వీడియో గేముల నుంచే పుట్టాయని గత ఆదివారం మీ సినిమా పేజీలో రాశారు. అది సరికాదు. 1947లోనే హాలీవుడ్ నటుడు, దర్శకుడు రాబర్ట్ మాంట్‌గొమరీ ‘లేడీ ఇన్ ద లేక్’ సినిమాను దాదాపు మొత్తం డిటెక్టివ్ కళ్లలోంచి తీశాడు. అప్పటికి వీడియో గేములెక్కడివి?

గేముల నుంచి తెచ్చుకున్నవి వేరే ఉన్నాయి. 1993 నాటి ‘డూమ్’ ఆటలో తెర అడుగున తుపాకీ, దాని వెనక మనం. 2005లో ఆ ఆటనే సినిమాగా తీసినప్పుడు కొన్ని నిమిషాలు అచ్చం అలాగే నడిపారు. ‘హార్డ్‌కోర్ హెన్రీ’ అనే సినిమానైతే స్టంట్‌మెన్ ముఖాలకు బిగించిన గోప్రో అనే చిన్న కెమెరాలతో తీశారు. అందులో హీరో నోరే విప్పడు. జిమ్మీ అనేవాడు చచ్చిన ప్రతిసారీ మరో వేషంలో వచ్చి తరువాతి పని చెబుతాడు, ఆటలో ఒక ప్రాణం పోతే ఇంకొకటి వచ్చినట్టు.

ఇన్ని తెచ్చుకున్నవారు ఆటగాడి చేతిలో ఆటను నడిపే కంట్రోలర్‌ను మాత్రం తేలేరు కదా! తిరుమల ఘాట్ రోడ్డులో డ్రైవరుకు కడుపులో తిప్పదు, మలుపు ఎటో అతడికి ముందే తెలుసు. తిప్పేది వెనక సీట్లోవారికి. సినిమా చూసేవాడిది ఆ వెనక సీటే. పరుగెడుతున్నామని కన్ను చెబుతుంది, కదలడం లేదని ఒంటి కదలికను పసిగట్టే లోపలి చెవి చెబుతుంది. ఆ రెంటికీ పొసగకే తల తిరుగుతుంది.

గత నెల మా ఊరి థియేటర్లో ఒక సినిమాలో ఇలా హీరో కంటితో తీసిన పోరాట దృశ్యం పది నిమిషాలు సాగింది. పదకొండేళ్ల మా మనవడు ముందు సీటు పట్టుకుని తల వాల్చేశాడు. బయటికి తీసుకెళదామంటే మెట్ల దగ్గర దీపం లేదు, కుళాయిలో చుక్క నీరు లేదు. అడిగితే మేనేజరు ‘సినిమాయే అంత’ అని వెళ్లిపోయాడు. టికెట్టుకు పుచ్చుకున్న డబ్బుకు బాధ్యత ఇంతేనా?

తెర మీద ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే మూలన హెచ్చరిక పడుతుంది. పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడదగినవాటికిచ్చే ‘యూఏ’ సర్టిఫికెట్‌ను 2024 నుంచి వయసును బట్టి 7+, 13+, 16+ అని విడదీశారు. ఆ అంకెను చూసి పిల్లల వయసు అడిగిన గేటు మనిషి నాకు ఇంతవరకూ తారసపడలేదు. అది తల్లిదండ్రులకు సూచనే తప్ప గేటు దగ్గర ఆపే నిబంధన కాదు మరి!

కెమెరా అదుపు లేకుండా ఊగే సినిమాలకు ‘తల తిరగవచ్చు’ అన్న ఒక్క వాక్యం టికెట్టు కౌంటర్ దగ్గర, ఆన్‌లైన్ టికెట్టు మీద రాయించాలి. సెన్సార్ బోర్డు ఈ వేసవి సెలవులలోపే ఆ పని చేయాలి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు